కల్లుప్పు

చిత్తూరు చర్చి వీధిలో
మూడడుగుల అంగడి నాది.
పగిలిన ఫోన్లకు వైద్యం.
బియ్యంలో పూడ్చి తెచ్చినవి,
బిడ్డలు విసిరేసినవి,
మొగుడూ పెండ్లాం కొట్లాటలో గోడను చూసొచ్చినవి.
పగులును బట్టి కథ చెప్పేస్తా నేను,
ఎవురూ అడక్కుండానే.

ఇది మాత్రం తారు వాసనేస్తా ఉండింది.

పసుపు గుడ్డ మూట విప్పి
గల్లాపెట్టె మీద పెట్టిందాయమ్మ.
అద్దం సందుల్లో ఎర్రమట్టి,
ఒక మూల నల్లగా ఎండిన మామిడి సొన.
"అద్దం మార్చొద్దు నాయనా.
లోపలుండే మాట ఇప్పించు, చాలు."

బిల్లు కోసరం పేరడిగినా.
రెడ్డెమ్మ. తవణంపల్లె పక్కన పల్లె.
ఫోను మొగిలప్పది.
దివసం మొన్ననే అయింది.

రిబ్బను మార్చి, కొత్త బ్యాటరీ తగిలించి
అరగంట ఊదితే వెలిగింది.
ఎత్తని కాల్స్ నలభై రెండు,
అన్నీ ఒకే పేరు: ఇల్లు.
ఆయప్ప ఫోనులో ప్రతి మాటా రికార్డవతాది.
జ్యూసు ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పిన రేటు మింగేస్తా ఉంటే
సాక్ష్యానికని కొడుకు పెట్టిచ్చినాడంట.

"కడాది పెట్టు."
ముందు నేను విన్నా, చెవిలో వైరు పెట్టుకోని.

"ఏమే, చెప్పు."
"కాయ దింపేసినారా?"
"దింపినా. టన్నుకు ఎనిమిదని పిలిచి ఆరేసినారు నా కొడుకులు."
"పోనీలే. వచ్చేటప్పుడు ఉప్పు తీసకరా, ఊరగాయకి."
"ఏందీ? గాలి. వినపళ్ళా."
"ఉప్పు. కల్లుప్పు."
"పప్పా?"
ఆయమ్మ నవ్వు.
"చెవుల్లో ఏం పెట్టుకోనుండావు? క, ల్లు..."
"ఉండు ఉండు, ఒక్క..."

లారీ హారను పొడుగ్గా.
దాని తరవాత శబ్దమేదీ ఉండదనుకున్నా.
ఉంది.
చక్రం ఒకటి ఊరికే తిరగతా ఉండే చప్పుడు.
కీచురాళ్ళు.
ఇంకా నవ్వు పోని గొంతుతో ఆయమ్మ:
"కల్లుప్పు. పొడుప్పు కాదు. ఇంటా ఉండావా?
అలో.
కల్లుప్పయ్యా.
అలో."
యాడో దూరంగా ఒక పిల్లోడు,
"అన్నా, ఈడ ఫోనులో ఎవురో ఆడమనిషి
ఉప్పు అడగతా ఉండాదన్నా."

మొత్తం రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
మొగిలప్ప ఉండింది నలభై తొమ్మిదే.
మిగిలిందంతా ఉప్పు.

వైరు తీసినా. ఆయమ్మ నా మొగం చూడలేదు,
టేబులు మీద స్క్రూలు లెక్కబెడతా అడిగింది:
"బండి నిలిపి మాట్లాడు అన్నానా నేను?
అన్నట్టే ఉండాది నాకు.
రోజూ అనేదాన్నే.
ఆ పొద్దు అన్నానా?"

అనలేదు.
మళ్ళీ విన్నా. మూడోసారీ విన్నా.
అనలేదు.

"గాలి ఎక్కువుండాదమ్మా ఆడ,
ఏదో అన్నట్టే ఉండావు" అన్నా.

ఇంగ ప్రతి రాత్రీ ఆ గాల్లోకి దిగి
తన మాట కోసరం దేవులాడతాది.
మేలు చేసినానో, ఇంకో ఉరి పేనిచ్చినానో
నాకు తెలీదు.

డబ్బులు వద్దన్నా వినకుండా
నూటాయాభై మడిచి అద్దం కింద పెట్టి,
ఫోను అప్పుడే చెవికి ఆనించుకోని
రోడ్డు దాటేసింది,
ఇటూ చూడలేదు, అటూ చూడలేదు.
ఆటోవాడు తిట్టిన తిట్టు
ఆయమ్మకు చేరినట్టు లేదు.

రాత్రి తొమ్మిదికి షట్టరేసి
ఇరువారం దావన బండి మీద పోతా ఉండా.
తలకాయ నిండా ఆ చక్రం చప్పుడే.
నాలుగైదు రోజులు అన్నం దిగదులే అనుకుంటా,
నా బిడ్డలకు ఈ కథ ఎట్ల చెప్పాల్నో
మాటలు పేర్చుకుంటా,
ఎదురుగా లైట్లు పెద్దవైతా ఉంటే
ఎడమకు జరగతా ఉండా.

మెడ ఒక పక్కకు వాలిపోయిందని,
భుజానికీ చెవికీ నడాన ఏదో వెచ్చగా ఉండాదని,
"ఏమే, చెప్పు" అని
నా గొంతే నాకు వినిపించేదాకా
తెలీలేదు.